మేనేజర్లు, ఇంజనీర్లు, డాక్టర్లు: వీరిది విడిగా ఒక వర్గమా?

కృష్ణలంక పాఠకుడు రాశారు:

మిత్రులకు నమస్కారం. మా చదువరుల బృందంలో గత నెల అమెరికా రచయితలు బార్బరా ఎరెన్‌రైక్, జాన్ ఎరెన్‌రైక్ కలిసి 1977లో 'రాడికల్ అమెరికా' అనే పత్రికలో రాసిన వ్యాసాన్ని చర్చకు తీసుకున్నాము. యజమానులకూ కార్మికులకూ నడుమ మూడో వర్గం ఒకటి రూపుకట్టిందని, దాన్ని వృత్తి నిపుణుల, నిర్వాహకుల వర్గమని పిలవవచ్చని వారి వాదన. ఉత్పత్తి సాధనాలేవీ సొంతంగా లేకుండా, బుద్ధితో చేసే పనికి జీతం తీసుకుంటూ, ఉన్న వ్యవస్థ ఉన్నట్లుగా రేపు కూడా నడవడానికి కావలసిన పనులు చేసిపెట్టేవారంతా, అంటే ఇంజనీర్లు, మేనేజర్లు, ఉపాధ్యాయులు, ప్రకటనలు రాసేవారు, సమాజ సేవా శాఖల ఉద్యోగులు ఇందులోకి వస్తారు. ఇది మనకు ఎంతవరకు సరిపోతుందన్నది నా ప్రశ్న.

నా సంగతి చెబితే ప్రశ్న తేలికగా అర్థమవుతుంది. దివిసీమలో మా తాతగారికి కాలవ కింద ఆరెకరాల మాగాణి ఉండేది. 1997లో ఉచిత సీటు దక్కేటంత ర్యాంకు నాకు రాకపోతే నాన్నగారు ఎకరంన్నర అమ్మి పేమెంటు సీటులో చేర్పించారు. ఇప్పుడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజరుగా 60 మంది పని చూస్తున్నాను. నేను యజమానిని కాను. కానీ ఏటా ఆ 60 మందికీ రేటింగ్ ఇచ్చేది నేనే, కొందరిని పీఐపీలో, అంటే గడువులోగా పనితీరు మెరుగుపరచుకోవాలనే హెచ్చరిక కింద, పెట్టేదీ నేనే. యూనియన్ అన్న మాట వినబడితే కుర్చీలో ఇబ్బందిగా కదులుతాను. అలాగని పైవాళ్ళు నా గురించి తీసుకునే నిర్ణయాలు నాకు ముందుగా తెలిసేదీ లేదు, కొన్నిసార్లు పత్రికలో చూసి తెలుసుకున్నాను. నన్ను ఏ వర్గంలో వేస్తారు?

బడిపంతులు రాశారు:

పాఠకుడు గారూ, ముందు మాట సంగతి చూద్దాం. మనం 'మధ్యతరగతి' అంటాము గాని 'మధ్యవర్గం' అనము. తరగతి అంటే మెట్టు. బడిలో అయినా రైలులో అయినా ఎక్కవచ్చు, దిగవచ్చు. వర్గమంటే మాత్రం ఎదుట మరో వర్గం ఉండాలి, ఇద్దరి మధ్య ఒక సంబంధమూ ఒక పేచీ ఉండాలి. మీ ఆదాయం ఎంతన్నది మీ తరగతిని చెబుతుంది. ఎవరి శ్రమ మీద ఎవరు బతుకుతున్నారన్నది వర్గాన్ని చెబుతుంది. మన పత్రికలు ఈ రెండింటినీ కలిపేసి, నెలకు మూడు లక్షలు వచ్చే వారిని కూడా మధ్యతరగతిలోనే లెక్కకట్టడం వల్ల అసలు ప్రశ్న మరుగున పడిపోయింది.

నా మట్టుకు నేను దీన్ని విడి వర్గంగా ఒప్పుకోను. 'పెట్టుబడి' మూడో సంపుటంలో మార్క్స్ పర్యవేక్షణ పనికి రెండు ముఖాలున్నాయన్నాడు. నలుగురు కలిసి చేసే ఏ పనికైనా, వాద్యబృందానికి నిర్దేశకుడు ఉన్నట్లు, ఎవరో ఒకరు కూర్చి నడిపించాలి. అది నిజమైన శ్రమే. రెండో ముఖం, పనిచేసేవాడికీ యజమానికీ పొసగని చోట యజమాని తరఫున కాపలా కాయడం. ఈ రెండు పనులనూ ఒకే మనిషి చేత, ఒకే జీతానికి చేయించడమే మేనేజరు పదవిలోని కిటుకు. 1970లలో సామాజికవేత్త ఎరిక్ ఓలిన్ రైట్ ఇలాంటి పదవులను పరస్పర విరుద్ధ వర్గ స్థానాలన్నాడు. అంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి కోసం మూడో పడవను కల్పించవద్దని.

నా సొంత గోడు ఒకటి చెప్పి ముగిస్తాను. 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు, పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఉపాధ్యాయుడు 'వర్క్‌మన్', అంటే ఆ చట్టం రక్షణ కిందికి వచ్చే కార్మికుడు, కాడని తేల్చింది. చదువు చెప్పడం ఉదాత్తమైన వృత్తి కాబట్టి దాన్ని గుమస్తా పనితోనో నైపుణ్యపు పనితోనో జతకట్టకూడదట. ఆ ఉదాత్తత వల్ల మాకు ఒరిగిందేమిటంటే, జూన్‌లో చేర్చుకుని ఏప్రిల్‌లో పంపించేసిన ప్రైవేటు కళాశాల లెక్చరర్ లేబర్ కోర్టు గుమ్మం ఎక్కలేడు.

నల్లబంగారం రాశారు:

నేను సింగరేణిలో 31 ఏళ్ళు పనిచేసి అండర్ మేనేజరుగా రిటైరయ్యాను. మా గోదావరిఖనిలో ఈ ప్రశ్నకు పుస్తకాలు అక్కరలేదు, చట్టమే గీత గీసి పెట్టింది. గనులకు వర్తించే చట్టం కింద ప్రతి బాయికీ, అంటే గనికీ, అర్హత పత్రం ఉన్న మేనేజరు ఉండి తీరాలి. ప్రమాదం జరిగితే మొదట జవాబు చెప్పవలసింది ఆయనే. ఆయన కింద అండర్ మేనేజరు, ఆ కింద ఓవర్‌మన్, ఆ కింద సర్దార్. ఓవర్‌మన్ వరకు వేతన ఒప్పందం వర్తిస్తుంది, యూనియన్ ఉంటుంది. అండర్ మేనేజరు నుంచి అధికారి అవుతాడు, అతనిది ఆఫీసర్ల సంఘం. దిగేది ఒకే బాయిలోకి, పీల్చేది ఒకే గాలి, పైకప్పు కూలితే కింద ఉన్నది సర్దారా అధికారా అని చూడదు. అయినా గీత గీతే.

నేను సర్దార్ పరీక్ష, తర్వాత ఓవర్‌మన్ పరీక్ష, ఆపైన సెకండ్ క్లాస్ మేనేజరు సర్టిఫికెట్ పరీక్ష రాసి ఆ గీతను కింది నుంచి దాటినవాణ్ణి. దాటిన మరునాడు హాజరు వేసే మస్టర్ దగ్గర నన్ను 'అన్నా' అనే మిత్రులు 'సార్' అన్నారు. వాళ్ళు ఎగతాళికి అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పటి నుంచి నాగాలు పెట్టినవాళ్ళ పేర్లు రాసి పైకి పంపడం నా పని అయింది.

పంతులు గారు ఇది వర్గం కాదంటున్నారు. అయితే ఒక సంగతి చూడండి. బొగ్గు గనుల పదకొండో వేతన ఒప్పందం 2023 మే నెలలో 19 శాతం కనీస పెంపుతో కుదిరింది. పై గ్రేడు కార్మికుల జీతం కింది గ్రేడు అధికారుల జీతాన్ని దాటిపోయిందని బొగ్గు పరిశ్రమ అధికారులు జబల్‌పూర్ హైకోర్టుకు వెళ్ళారు. న్యాయం ఎవరి వైపు ఉందన్నది నేను చెప్పబోవడం లేదు, నా పాత మిత్రులు రెండు పక్కలా ఉన్నారు. కానీ ఆ రోజుల్లో అధికారుల మాటల్లో తమకు తక్కువ వస్తోందన్న బాధకన్నా వరస తప్పిందన్న బాధే నాకు ఎక్కువగా వినబడింది. వరస కోసం కలిసి కోర్టుకు వెళ్ళగలిగినవారిని వర్గం అనక ఏమంటారు?

వేపచెట్టు రాశారు:

నేను 20 ఏళ్ళుగా మానవ వనరుల విభాగంలో ఉన్నాను, కాబట్టి ఈ చర్చలో నేరస్థుల బోనులో నాకు ముందు వరస కుర్చీ వేయవచ్చు. పాఠకుడు గారు "రేటింగ్ ఇచ్చేది నేనే" అని రాశారు. క్షమించాలి, ఇచ్చేది ఆయన కాదు. 60 మందిలో అడుగున ఇంతమంది ఉండాలని బెల్ కర్వ్ లెక్క మా విభాగం నుంచి ఆయనకు వెళుతుంది. మాకు ఆ లెక్క ఆర్థిక విభాగం నుంచి వస్తుంది, వారికి మరెక్కడి నుంచో. ఆయన చేసేది ఆ ఖాళీ గడుల్లో పేర్లు నింపడం. నింపిన తరువాత ఎదుట కూర్చుని "నువ్వు ఇంకా మెరుగుపడాలి" అని చెప్పవలసిన ముఖం మాత్రం ఆయనదే. ఆ ముఖాన్ని అద్దెకివ్వడానికే మా జీతంలో సగం వస్తుందని నా నమ్మకం.

మానుకోట రాశారు:

చర్చ బాగుంది. అయితే మొదటి పోస్టులో ఒక ఎకరంన్నర ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా ఇంట్లో ఆ ఎకరంన్నర లేదు.

మా నాన్న ఊళ్ళో పటేలు దగ్గర జీతం ఉన్నాడు. ఈ మాట కోస్తా మిత్రులకు కొత్తగా ఉండవచ్చు. మా వైపు 'జీతం ఉండటం' అంటే ఏడాదికి ఇన్ని వడ్లు, ఇన్ని రూపాయలు అని ఒప్పుకుని ఒకరి ఇంట్లో పాలేరుగా ఉండటం. 'జీతగాడు' అన్నది నా చిన్నప్పుడు తిట్టుతో సమానం. 2012లో నాకు మొదటి నెల డబ్బు ఖాతాలో పడ్డ రోజు నాన్న ఫోన్‌లో "జీతం" అనలేక "పైసలు వచ్చినయా" అని అడిగాడు. ఇప్పటికీ అలాగే అడుగుతాడు. జీతం మీద బతకడమే ఈ వర్గపు గుర్తు అయితే మా నాన్న మీ అందరికన్నా ముందు ఆ వర్గంలో చేరినవాడు.

నేను 2008లో ఇంజనీరింగ్‌లో చేరాను. ప్రభుత్వం ఫీజు కట్టే పథకం అప్పుడే ఊపందుకుంది, ఉమ్మడి రాష్ట్రంలో కళాశాలలు 700కు చేరువయ్యాయి, వాటిలో చాలావాటికి మాలాంటి వారి ఫీజే ఆధారం. నా సీటుకు భూమి అమ్మవలసిన పని లేకపోయింది, ఎందుకంటే అమ్మడానికి లేదు. కంపెనీలో చేరాక నాకూ పక్క సీట్లో ఉన్నతనికీ జీతం ఒకటే, మెడలో ట్యాగు ఒకటే, క్యాంటీన్ ఒకటే. 2020లో కంపెనీ జీతాల్లో కోత పెట్టినప్పుడు తేడా తెలిసింది. అతను ఆరు నెలలు సెలవు పెట్టి ఏదో కోర్సు చేశాడు. నేను రెండో నెలకే చిట్టీ ఎత్తాను. కాబట్టి నా మట్టుకు వర్గానికి కొలబద్ద ఇది: జీతం ఆగిపోతే మీరు ఎన్ని నెలలు ఇలాగే ఉండగలరు? ఈ ప్రశ్నకు 'నాలుగైదేళ్ళు' అని చెప్పగలిగినవారూ 'రెండు నెలలు' అని చెప్పేవారూ ఒకే హోదాలో పనిచేస్తున్నా ఒకే వర్గం అని నేను ఒప్పుకోలేను.

కృష్ణలంక పాఠకుడు రాశారు:

మానుకోట గారూ, మీ పోస్టు చదివి రెండు రోజులు జవాబు రాయలేదు, నిజానికి రాయలేకపోయాను. మొదట కొంచెం రోషం కూడా వచ్చింది. మా నాన్నగారు ఆ ఎకరంన్నర అమ్మిన రోజు గట్టు మీద కూర్చుని ఏడ్చారు, ఆ సంగతి మీకు తెలియదు కదా అనుకున్నాను. తరువాత కూర్చుని నా లెక్కలు నేనే రాసుకున్నాను.

ఉద్యోగంలో చేరిన ఏడో ఏట, 2008లో, షాద్‌నగర్ దగ్గర ఒక వెంచర్‌లో 200 గజాలు కొన్నాను. ఆ తరువాత ఇంకో చోట 300 గజాలు. ఇప్పుడు ఉంటున్న ఫ్లాటు కాక అద్దెకిచ్చిన ఫ్లాటు ఒకటి. ఊళ్ళో మిగిలిన నాలుగున్నర ఎకరాల్లో నా వాటా కౌలుకు ఉంది. నా సహోద్యోగుల్లో మా జిల్లాల నుంచి వచ్చిన చాలామంది కథ ఇదే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఆ చుట్టుపక్కల రాళ్ళ గుట్టలు అంతస్తులుగా మారడంలో మా ఈఎంఐల పాలు తక్కువేమీ కాదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మేము కోడ్ గురించి మాట్లాడుకోము, గజం ధర గురించి మాట్లాడుకుంటాము.

బార్బరా ఎరెన్‌రైక్ 1989లో ఇంకో పుస్తకంలో ఈ వర్గానికి ఉండే భయం గురించి రాశారు. ఫ్యాక్టరీని కొడుకు పేరున రాయవచ్చు, పొలాన్ని రాయవచ్చు, డిగ్రీని రాయడం కుదరదు. ప్రతి తరమూ మళ్ళీ మొదటి నుంచి చదివి గెలవాలి, కాబట్టి పిల్లల విషయంలో వీరికి నిద్రపట్టదు. చదువుతున్నప్పుడు ఇది మా ఇంటి గురించే రాసినట్లు అనిపించింది, మా అబ్బాయి ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో ఉన్నాడు. కానీ మేము ఆమె చెప్పిన అమెరికా వారిలా ఆ భయంతో ఊరుకోలేదు. పొలం అమ్మి డిగ్రీ కొన్నాము, డిగ్రీతో జీతం తెచ్చాము, జీతాన్ని మళ్ళీ నేలగా మార్చాము. నిర్వచనంలో 'ఉత్పత్తి సాధనాలు లేనివారు' అన్న మొదటి షరతే మా విషయంలో సరిగ్గా నిలవదు. ఎన్ని నెలలు అన్న మీ ప్రశ్నకు నా జవాబు నేను ఇక్కడ రాయను. మీరు ఊహించినంతే.

తెల్లకోటు రాశారు:

గుంటూరులో చదివి విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టరుగా నా అనుభవం కొంత వేరు. మా నాన్నగారి తరంలో డాక్టరంటే సొంత నర్సింగ్ హోము. మేడ మీద కాపురం, కింద ఆసుపత్రి. ఆయన నిపుణుడే గాని ఎవరి ఉద్యోగీ కాదు, ఎరెన్‌రైక్‌ల లెక్కలో పాతకాలపు చిన్న యజమాని. నా తరంలో అది తిరగబడింది. స్కానింగ్ యంత్రం, క్యాథ్ ల్యాబ్ పెట్టాలంటే కోట్లు కావాలి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక రోగుల రాక కూడా ఆ పథకం జాబితాలో చేరిన ఆసుపత్రుల వైపు మళ్ళింది. నేను ఒక పెద్ద ఆసుపత్రిలో 'ఎంజీ' మీద చేరాను. ఎంజీ అంటే మినిమమ్ గ్యారంటీ. మొదటి రెండేళ్ళు నెలకు ఇంత అని ఖాయంగా ఇస్తారు, ఆ తరువాత మీరు తెచ్చిన ఆదాయంలో వాటా. ప్రతి నెలా మొదటి సోమవారం మార్కెటింగ్ విభాగం నుంచి ఒక కుర్రాడు వచ్చి నా అంకెలు నాకు చూపిస్తాడు. అతను ఎంబీఏ, నేను డీఎం, అంటే సూపర్ స్పెషాలిటీ చదివిన డాక్టర్ని. ఆ గదిలో ఎవరు ఎవరికి మేనేజరో కనిపెట్టడానికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు.

1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పుడు మా వాళ్ళు వైద్యం వ్యాపారం కాదని గొడవ పెట్టారు. ఆనాడు ఆ గొడవలో నేనూ ఉన్నాను, హౌస్ సర్జన్‌గా బ్యానర్ పట్టుకున్నాను. ఈ రోజు అయితే ఆ బ్యానర్ ఎవరి గేటు ముందు పట్టుకోవాలో ఆలోచిస్తాను.

డల్లాస్ దారి రాశారు:

ఇక్కడి చట్టంలోని ఒక మాట ఈ చర్చకు పనికివస్తుందని రాస్తున్నాను. 1938 నాటి అమెరికా శ్రమ ప్రమాణాల చట్టం ప్రకారం నిర్వాహకులకూ వృత్తి నిపుణులకూ ఓవర్‌టైమ్ చెల్లించనక్కరలేదు. వారిని 'ఎగ్జెంప్ట్' ఉద్యోగులంటారు, అంటే మినహాయింపు పొందినవారు. నా ఆఫర్ లెటర్‌లో ఆ మాట చూసి అదేదో గౌరవం అనుకున్నాను. వారానికి 40 గంటలు దాటిన పనికి అదనపు డబ్బు అడిగే హక్కు నుంచి నన్ను మినహాయించారని తెలియడానికి సంవత్సరం పట్టింది.

ఇంకొకటి. జీతం ఆగితే ఎన్ని నెలలు అని మానుకోట గారు అడిగారు. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారికి ఆ జవాబు ప్రభుత్వమే రాసిపెట్టింది: గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయకపోతే ఇల్లు, కారు, పిల్లల బడి అన్నీ సర్దుకోవాలి. ఒక్కో దేశానికి ఏడు శాతమన్న పరిమితి వల్ల గ్రీన్‌కార్డు వరసలో భారతీయులు ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నారు. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి మా అపార్ట్‌మెంట్ సముదాయంలో తెలుగువారి ఇళ్ళలో దీపాలు ఆరలేదు. అది తమకూ వర్తిస్తుందేమోనన్న భయంతో, ఇండియాకు వెళ్ళి ఉన్నవారు టిక్కెట్లు మార్చుకుని విమానాశ్రయాలకు పరుగెత్తారు. మాలో కొందరు డైరెక్టర్లు, ఆర్కిటెక్టులు, వందమందిని నడిపించేవారు. ఇక్కడి పెద్ద ఇల్లు చూసి ఊళ్ళో మమ్మల్ని ఏ మెట్టు మీద కూర్చోబెడతారో నాకు తెలుసు గనుక ఇది రాస్తున్నాను.

నిర్వాహకుడు రాశారు:

కులం ప్రస్తావనతో వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. కులం గురించి మాట్లాడవద్దని కాదు, ఈ విషయంలో దాన్ని తప్పించుకోలేము. సభ్యుల ఇంటిపేర్లు ఊహించి రాయడం మాత్రం వేదిక నియమాలకు విరుద్ధం. చర్చ కొనసాగించండి.

బడిపంతులు రాశారు:

నా మొదటి పోస్టును కొంత సవరించుకోవాలి. ఆర్థికవేత్త ప్రణబ్ బర్ధన్ 1984లో భారతదేశపు ఆధిపత్య వర్గాలు మూడని చెప్పారు: పారిశ్రామిక పెట్టుబడిదారులు, ధనిక రైతులు, మూడోది ప్రభుత్వ రంగంలోని వృత్తి నిపుణులు, ఉద్యోగులు. చదువును, పదవిని ఆయన ఆస్తి కిందే లెక్కించారు, అందుకే ఆ మూడో వారిని కూడా ఆస్తిపరుల్లో చేర్చారు. నాకు అప్పట్లో అది నచ్చలేదు. పాఠకుడు గారి లెక్క చూశాక ఇంకో ఆలోచన వచ్చింది. బర్ధన్ ఆ ముగ్గురినీ పరస్పరం బేరమాడుకునే మూడు పక్షాలుగా చూపారు. మన డెల్టా జిల్లాల్లో రెండో పక్షమూ మూడో పక్షమూ ఒకే ఇంట్లో అన్నదమ్ములు. పెద్దవాడు ఊళ్ళో రైసు మిల్లు, చిన్నవాడు నగరంలో మేనేజరు, సంక్రాంతికి ఒకే పంక్తిలో భోజనం. వీరు ఎవరితో బేరమాడతారు?

అదే 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాల, మునసబుల, పటేల్ పట్వారీల పదవులను రద్దు చేసింది. కరణం చేతిలో సొంత భూమి ఎంత ఉన్నా, అతని అసలు బలం భూమి కాదు, అడంగల్. ఊళ్ళో ఎవరి పేరు ఏ సర్వే నంబరు ఎదుట ఉండాలో రాసే కలం. వేపచెట్టు గారి బెల్ కర్వ్ గడుల గురించి చదువుతుంటే నాకు మా ఊరి కరణం గారి చిట్టా గుర్తుకొచ్చింది. అతనికీ పైనుంచి లెక్క వచ్చేది, ఇంత శిస్తు రావాలని. ఎవరి దగ్గర ఎంత రాబట్టాలన్నది అతని ఇష్టం. పదవి పోయింది గాని ఆ పని పోయిందని నేను అనుకోను. కాకపోతే ఆ కలం ఇదివరకు కొన్ని కులాల ఇళ్ళలోనే వంశపారంపర్యంగా ఉండేది. ఇప్పుడు పరీక్ష రాసి తీసుకోవాలి. అది చిన్న తేడా కాదు, మానుకోట గారు ఇక్కడ మాట్లాడుతున్నారంటే ఆ తేడా వల్లనే.

మానుకోట రాశారు:

పంతులు గారూ, పరీక్ష నన్ను గుమ్మం దాటించింది, నిజమే. లోపలికి వచ్చాక ఇంకో పరీక్ష ఉంది, దానికి సిలబస్ ఉండదు. ఐదేళ్ళు వరసగా నా అప్రైజల్ పత్రంలో సాంకేతిక పని గురించి మంచి మాటలు రాసి, చివర 'కమ్యూనికేషన్ మెరుగుపడాలి' అని రాశారు. నా ఇంగ్లీషులో తప్పులుంటే చూపమని అడిగాను. తప్పులు లేవు, 'ప్రెజెన్స్' తక్కువ అన్నారు. మీటింగ్‌లో నవ్వవలసిన చోట నవ్వడం, క్లయింటుతో క్రికెట్ కాకుండా వైన్ గురించి మాట్లాడగలగడం, వారాంతం ఎలా గడిచిందంటే చెప్పడానికి ఒక వారాంతం ఉండటం. ఇవి ఇంట్లో నేర్చుకునేవి, మా ఇంట్లో లేవు. నా పక్క సీటు అతను ఇప్పుడు సీనియర్ మేనేజరు. అతని మీద నాకు కోపం లేదు, ఇద్దరం మంచి మిత్రులం, అతని ఇంటి గృహప్రవేశానికి కూడా వెళ్ళాను.

వేపచెట్టు గారిని ఒకటి అడగాలని ఉంది. తీసేయవలసినవారి సంఖ్య పైనుంచి వస్తుందన్నారు. పేర్లు ఎలా వస్తాయి? మీరు ఎన్నడైనా ఆ జాబితా తయారుచేశారా?

వేపచెట్టు రాశారు:

చేశాను. ఈ సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను, పేర్లు లేకుండా రాస్తాను.

2023 మొదట్లో నేను పనిచేసిన కంపెనీలో మా యూనిట్‌కు 40 మందిని తగ్గించాలని వచ్చింది. ఎక్సెల్ పట్టికలో నిలువు వరుసలు ఇవి: రెండేళ్ళ రేటింగ్, జీతం, ప్రాజెక్టులో ఉన్నారా బెంచ్ మీద ఉన్నారా, చివరిది 'భవిష్యత్ సామర్థ్యం'. మొదటి మూడూ అంకెలు, వాటితో వాదించలేము. నాలుగోదాన్ని మేనేజర్లు ఒకటి నుంచి ఐదు వరకు నింపాలి. మానుకోట గారూ, మీరు చెప్పిన ప్రెజెన్స్ అన్నది ఆ నాలుగో వరుసలో కూర్చుంటుంది. దాన్ని మార్చమని నేను అడగలేదు.

మేము ఎవరినీ 'తొలగించలేదు'. ఒక్కొక్కరిని పిలిచి రాజీనామా చేయమన్నాము. రాజీనామా చేస్తే రెండు నెలల జీతం, మచ్చలేని రిలీవింగ్ లెటర్. చేయకపోతే రెండూ అనుమానం. ఉద్యోగి రాజీనామా చేస్తే చట్టంలో అది రిట్రెంచ్‌మెంట్, అంటే కంపెనీ చేసిన ఉద్యోగాల కోత, కాదు; నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం లాంటి గొడవ ఉండదు. 40 మందిలో 39 మంది సంతకం పెట్టారు. 40వ ఆయన మరుసటి రోజు వచ్చి పెట్టారు.

ఆ నవంబరులో నన్ను పిలిచారు. ఎదుట కూర్చున్న అమ్మాయికి ఆ మాటలు నేర్పింది నేనే కాబట్టి తరువాతి వాక్యం ఏమిటో నాకు ముందే తెలుసు. ఒక చోట ఆమె తడబడితే నేనే అందించాను కూడా. కానీ సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తొలగింపు లేఖ వచ్చింది, దాన్ని తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళాను. జీవితంలో అదే మొదటిసారి, కంపెనీ తరఫున కాకుండా వెళ్ళడం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడి ఒకటే ప్రశ్న అడిగారు: "అమ్మా, మీరు వర్క్‌మనా, మేనేజరా?" కంపెనీ పంపిన జవాబుకు నా ఉద్యోగ వివరణ పత్రాన్ని జతచేసింది. బృందాన్ని నిర్వహించును, సెలవులు మంజూరు చేయును, క్రమశిక్షణా చర్యలకు సిఫారసు చేయును అని అందులో ఉంది. అది 2016లో నా ప్రమోషన్ కోసం నేనే రాసుకున్న పత్రం. హోదా పెద్దగా కనిపించాలని ఒక్కో క్రియాపదం వెతికి రాశాను.

తెల్లకోటు రాశారు:

వేపచెట్టు గారూ, ఇది రాసినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు కేసు ఏ దశలో ఉంది?

నల్లబంగారం రాశారు:

అమ్మా, ఆ ఒక్క కాగితం చూసి ఆశ వదులుకోకండి. సర్వీసులో ఉండగా ఇలాంటి తగాదాలు చాలా చూశాను, రెండు వైపుల నుంచీ. హోదా పేరు ఏమిటన్నది కాక, రోజులో ఎక్కువ భాగం నిజంగా చేసిన పని ఏమిటన్నదే కోర్టులు చూస్తాయి. అది సూపర్‌వైజరు పని అని తేలితే మీకు దారి మూసుకుపోతుంది, ఎందుకంటే సూపర్‌వైజరు వర్క్‌మన్‌గా లెక్కకు రావడానికి నెల వేతన పరిమితి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 2010 సవరణ తరువాత 10,000 రూపాయలే, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 18,000. ఇవాళ సెక్యూరిటీ సూపర్‌వైజరు కూడా దాన్ని దాటతాడు. కాబట్టి మీరు చేసింది గుమస్తా పని, సాంకేతిక పని అని చూపవలసి ఉంటుంది. అధికారం మీ చేతిలో ఉందా, కాగితం మీ చేతి మీదుగా వెళ్ళిందా అన్నదే అసలు ప్రశ్న. ఈమెయిళ్ళు ఏమైనా దాచుకున్నారా?

మీ వకీలు తప్పక అడిగే ప్రశ్న ఒకటి నేను ముందే అడుగుతున్నాను. మీ కింద ఉన్నవారికి సెలవు మీరే మంజూరు చేసేవారా, లేక సిఫారసు చేసి పైకి పంపేవారా? బాయి మీద అయితే ఈ ఒక్క ప్రశ్నతోనే సగం సంగతి తేలిపోయేది.

వేపచెట్టు రాశారు:

తెల్లకోటు గారూ, రాజీ చర్చలు విఫలమయ్యాయి, లేబర్ కోర్టుకు వెళ్ళింది.

నల్లబంగారం గారూ, మీ ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలో తెలియడం లేదు. సిస్టమ్‌లో 'అప్రూవ్' అనే బటన్ నా పేరు మీదే ఉండేది. నేను మూడు రోజుల పాటు దాన్ని నొక్కకపోతే సెలవు దానంతట అదే మంజూరయ్యేది.